బొటనేలు బాపు బూట్లేసుకొని పాయె

పొద్దున ఎనిమిదిన్నరకల్లా సంగారెడ్డి జిల్లా ఇస్నాపూర్ చౌరస్తాలో దిగండి. జనరల్ షిఫ్టుకు పోయేవాళ్లు టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకొని షేర్ ఆటోల వెంట ఉరుకుతుంటారు. రాత్రి డ్యూటీ దిగినవాళ్లు కళ్లు ఎర్రగా చేసుకొని ఇడ్లీ బండి దగ్గర నిలబడి తింటుంటారు. గాలి ఇటు తిరిగిందంటే మందుల కంపెనీల ఘాటు ముక్కుకు తగులుతుంది. రోడ్డు దాటి పాశమైలారం పారిశ్రామికవాడ వైపు నడిచి, కిరాణా కొట్టు పక్క సందులోకి తిరగండి. వరసగా రేకుల రూములు. ఒక్కో రూముకు ఒకే తలుపు, చాలా తలుపులకు ఈపాటికే తాళాలు పడ్డాయి.

సందు చివర అద్దె గదిలో అంగన్వాడీ సెంటర్. చెప్పులు బయట విడిచి రండి. గోడ మీద పళ్ల బొమ్మలు, ఎత్తు కొలిచే పట్టీ; మూలన పిల్లల్ని తూచే మిషన్, దాని పక్కన కోడిగుడ్ల ట్రేలు. ఆయా గుమ్మంలో కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చాప మీద పిల్లలు పదిహేను మంది దాకా ఉన్నారు. ఒకడు ఏడుస్తున్నాడు, ఇద్దరు కొట్టుకుంటున్నారు, ఒకమ్మాయి తన చెప్పులు ఇంకా చేతిలోనే పట్టుకొని కూర్చుంది. టీచర్ ఎవరినీ కసరలేదు. చాప మధ్యలో కూర్చొని కుడిచెయ్యి పైకెత్తి, అయిదు వేళ్లూ ఆడించింది. అంతే.

ముందు కొట్టుకునేవాళ్లు ఆగారు. తర్వాత మరో నాలుగు చేతులు లేచాయి. ఏడ్చేవాడు చీమిడి తుడుచుకుంటూ ఆ చెయ్యి వైపు చూశాడు.

"బొటనేలు బాపు... బూట్లేసుకొని కంపెనీకి పాయె."

టీచర్ బొటనవేలు మడిచింది. తొందరపడలేదు. అందరి బొటనవేళ్లూ మడిచేదాకా గది చుట్టూ చూసింది. మూడేళ్ల పిల్లకు వేలు ఒక్కటే మడవడం రావడం లేదు, రెండో చేత్తో పట్టుకొని వంచుతోంది. ఆ వంచడం అయ్యేదాకా పాట ఆగింది.

"చూపుడేలు అమ్మ... చున్నీ కట్టుకొని ప్యాకింగుకు పాయె. నడిమేలు తాత... నడుము పట్టుకొని గేటుకాడికి పాయె." ఇక్కడ పిల్లలంతా నడుం పట్టుకొని మూలిగారు. తాత వాచ్‌మన్ అన్నమాట. "ఉంగరపేలు అక్క... ఉరుక్కుంట బడికి పాయె. చిటికెనేలు చిన్నది... చిన్నగ మా సెంటరుకు వచ్చె!"

అయిదు వేళ్లూ మడిచారు. పదిహేను పిడికిళ్లు.

"ఇంటికి?"

"తాళం!"

ఈ పాట ఏ పుస్తకంలోనూ లేదు. ఈ సందులో ఇళ్లు ఇలా ఉన్నాయి కాబట్టి ఇక్కడే పుట్టింది. ఇప్పుడు రెండో సగం, అసలు లెక్క అక్కడుంది. సాయంత్రమైంది, ముందు ఎవరొచ్చి తాళం తీస్తారు? బడి నాలుగింటికి వదులుతారు, కాబట్టి అక్క. అయితే పిడికిలి అలాగే ఉంచి ఉంగరపువేలు ఒక్కటే ఎత్తండి. మీరూ ప్రయత్నించండి, ఎవరూ చూడటం లేదు. రాదు. ఆ వేలిని కదిలించే స్నాయువులు పక్కవేళ్లవాటితో ముడిపడి ఉంటాయి, అది లేస్తే పక్కవాటిని కూడా లాగుతుంది. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. "అక్క ఒక్కతే రాదు టీచర్, చెల్లెను తోలుకొస్తది!" అని ఒక గడుగ్గాయి అరిచాడు. నిజమే, ఈ సందులో చిన్నవాళ్లను సెంటర్ నుంచి తోలుకుపోయేది అక్కలే.

కిటికీ పక్కన కూర్చున్న పిల్లాణ్ని చూడండి. నాలుగు వేళ్లు మడిచాడు, బొటనవేలు మాత్రం అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టాడు. "బాపు కంపెనీకి పోలేదారా?" అని టీచర్ అడిగింది. "పోలే. పండుకున్నడు. నైట్ డ్యూటీ." గదిలో నిశ్శబ్దం. ఎవరి బాపు ఎక్కడున్నాడో అందరూ ఆలోచిస్తున్నారు. "మరి మీ ఇంట్ల ఇప్పుడు ఎంతమంది ఉన్నరు?" వాడు పిడికిలి వంక చూసుకొని, "ఒక్కరు" అన్నాడు. "బయటికి పోయినోళ్లు?" ఒక్కో వేలూ ఇంకో చేతి వేలితో తాకి, "నలుగురు" అన్నాడు. అయిదులోంచి ఒకటి తీసేస్తే నాలుగు. పలక మీద రాసి చూపించి ఉంటే ఈ నాలుగేళ్లవాడికి అది ఇంత తేలిగ్గా ఎక్కేది కాదు.

పాటలో "అందరూ ఇల్లు చేరిండ్రు" అన్న మాట లేదు, గమనించారా? తెరవాల్సిన వేళ్లేవో ఏ రోజుకారోజు పిల్లలే చెబుతారు. 2025 జూన్ 30 పొద్దున ఇదే పాశమైలారంలో ఒక మందుల పరిశ్రమలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు పోయారు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్లు అందులో చాలామంది. ఇక్కడ పిల్లల పాట కట్టేవాళ్లు ఆ సంగతి మరిచిపోయి కట్టలేరు.

పదిన్నర. ఆయా బియ్యం పొయ్యి మీద పెట్టింది. టీచర్ ఒక ఖాళీ గుడ్ల ట్రే, గుప్పెడు చింతగింజలు తెచ్చి నాలుగేళ్లు దాటినవాళ్లను చుట్టూ కూర్చోబెట్టింది. చిన్నవాళ్లను ఆయా దగ్గరికి పంపేసింది. మూడేళ్లలోపు పిల్లల చేతికి చింతగింజ ఇస్తే అది నోట్లోకి, అక్కణ్నుంచి గొంతులోకి పోతుంది. ఈ జాగ్రత్త తెలియనివాళ్లు గింజల ఆట జోలికి పోకపోవడమే మేలు.

గుంటల్లో గింజలు వేయడం కాదు, ముందు ఒక పరీక్ష. "నీకు ఎన్నిదాంక వచ్చురా?" నిన్నటిదాకా ప్రైవేటు ఎల్‌కేజీలో ఉండి, ఫీజు కట్టలేక ఇక్కడికొచ్చిన పిల్లాడు లేచి నిలబడి, చేతులు కట్టుకొని, గుక్కతిప్పుకోకుండా వన్ నుంచి ఫిఫ్టీ దాకా అప్పజెప్పాడు. మీరు ముచ్చటపడి చప్పట్లు కొట్టబోయారు. ఆగండి. "శాబాష్. ఇగ నాకు మూడు గింజలియ్యి." వాడు గుప్పెడు తీసి టీచర్ చేతిలో పోశాడు. "లెక్కవెట్టు." ఒకటి, రెండు, మూడు... ఏడు దాకా లెక్కపెట్టాడు, మధ్యలో ఒక గింజను రెండుసార్లు తాకాడు. "అయితే ఎన్నున్నయ్?" మళ్లీ మొదట్నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఎన్నున్నాయన్న ప్రశ్నకు, చివర పలికిన అంకే జవాబని వాడికి ఇంకా తెలియదు. వాడి దృష్టిలో లెక్కపెట్టడమంటే చదివి వినిపించడం, అంతే.

ఇది వాడి తెలివితక్కువ కాదు. లోకంలో పిల్లలందరూ ఈ మెట్టు ఎక్కే వస్తారు. రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1978లో పిల్లల సంఖ్యాజ్ఞానం మీద రాసిన పుస్తకంలో లెక్కపెట్టడం వెనకున్న సూత్రాలను విడదీసి చూపారు. ఒక వస్తువుకు ఒకే మాట. మాటల వరస ఎప్పుడూ మారకూడదు. చివరి మాటే మొత్తం. ఈ మూడింటిలో మూడోది ఆలస్యంగా వస్తుంది. "నాకు మూడివ్వు" అన్న పరీక్షతోనే 1990లో కారెన్ విన్ అనే పరిశోధకురాలు ఆ ఆలస్యాన్ని కొలిచింది. ఆమె చూసిన పిల్లలకు ఈ గుట్టు అందింది మూడున్నరేళ్ల ప్రాంతంలో. యాభై దాకా అప్పజెప్పడం నేర్పినంత మాత్రాన ఆ గుట్టు ముందుగా అందదు.

ఇప్పుడు రెండో పిల్లను చూడండి. నారాయణఖేడ్ వైపు ఊరు. అవ్వ దగ్గర పెరిగి, నెల కిందట అమ్మానాన్నల దగ్గరికి వచ్చింది. గింజల్ని ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెడుతోంది: "లాభం... రెండు... మూడు... నాలుగు." పిల్లలు గొల్లుమన్నారు. మీకూ నవ్వొచ్చిందా? ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనకుండా "లాభం" అనడం మన పల్లెల్లో పాత ఆచారం. అవ్వ వడ్లు కొలుస్తుంటే ఒళ్లో కూర్చొని విన్న పిల్లకు లెక్క లాభంతోనే మొదలవుతుంది. "నాకు మూడియ్యి బిడ్డా" అంటే సరిగ్గా మూడు గింజలు టీచర్ చేతిలో పెట్టి, చేతులు దులుపుకుంది. "ఎన్నున్నయ్?" "మూడు." మళ్లీ లెక్కపెట్టలేదు.

యాభై అంకెలు వచ్చినవాడు మూడు ఇవ్వలేకపోయాడు. ఒకటి అనడమే రాని పిల్ల ఇచ్చింది. గెల్మన్ చెప్పిన సూత్రం ప్రకారం కూడా పిల్ల లెక్కలో తప్పేమీ లేదు. మొదటి మాట ఏదైనా సరే, రోజూ అదే ఉంటే చాలు. ఆ పిల్ల, అవ్వ చేతి కింద కుంచం కదలడం చూసింది, మాటకొకసారి కదలడం చూసింది. ఎల్‌కేజీ పిల్లాడు బోర్డు మీద అంకెలు చూశాడు. నాలుగేళ్లకు చేతికి పెన్సిలిచ్చి "వన్ టు హండ్రెడ్ రాసుకురా" అని హోంవర్కు ఇచ్చే బడులు ఈ హైవే పొడవునా ఉన్నాయి. అవి పిల్లలకు లెక్కలు నేర్పడం లేదు, చేతివేళ్లను లెక్క నుంచి దూరం చేస్తున్నాయి. ఈ మాట మెత్తగా చెప్పాల్సిన అవసరం నాకు కనిపించదు.

టీచర్ గుడ్ల ట్రే తిప్పింది. ఒక వరసకు అయిదు గుంటలు, అలాంటి వరసలు ఆరు. ఒక గుంటలో ఒక గింజ, గింజకో మాట. ఒక వరస నిండితే ఒక చెయ్యి నిండినట్టు. అయిదు దాటి ఇవాళ ఎవరూ పోవడం లేదు. అయిదు కుదిరిందని నమ్మకం చిక్కాకే రెండో వరస, అప్పుడు రెండో చెయ్యి. మధ్యలో ఆమె కావాలని తప్పు లెక్కపెట్టింది: ఒక గుంట వదిలేసి "మూడు" అంది. "తప్పు టీచర్!" అని ఆరు గొంతులు లేచాయి. తప్పు పట్టుకోగలిగారంటే గింజకో మాట అన్న సూత్రం పట్టుబడుతున్నట్టే.

ఈ చాప మీద ఎన్ని భాషలున్నాయో ఇప్పుడు చెవి పెట్టండి. బలాంగీర్ నుంచి వచ్చిన ఒడియా పిల్ల "ఏక, దుయి, తిని, చారి" అంటోంది. తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్లాడు "ఏక్, ది, తీన్" అంటున్నాడు. బిహార్ పిల్లాడిది హిందీ. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ల తెలుగు వింటే సంగారెడ్డి పిల్లలకు నవ్వు, వీళ్లది వింటే వాళ్లకు నవ్వు. టీచర్ ఏం చేసిందంటే, ఏ భాషలో చెబితే ఆ భాషలోనే వేళ్లు మడవనిచ్చింది. రోజుకో పిల్లాడు పాట చెప్పాలి, మిగతావాళ్లు వాడి వెనకే అనాలి. మాట అర్థం కాకపోయినా ఎన్నో వేలు మడిచారో కనిపిస్తూనే ఉంటుంది కదా. వారం తిరిగేసరికి లంబాడీ పిల్లాడికి ఒడియాలో అయిదు దాకా వచ్చేసింది. ఆ వచ్చినవాడి ముఖంలో గర్వం కంటే, తన భాషలో పాట చెప్పించుకున్న ఒడియా పిల్ల ముఖం చూడండి. నెల రోజులుగా నోరు విప్పని పిల్ల అది.

లెక్క విషయంలో తెలుగు పిల్లలకు ఒక సుఖం, ఒక కష్టం. ఇరవై దాటితే మన అంకెలు నల్లేరు మీద నడక: ఇరవై ఒకటి, ఇరవై రెండు. హిందీ పిల్లాడు ఇక్కీస్, బాయీస్ నుంచి నిన్యానవే దాకా దాదాపు ప్రతిదీ విడిగా కంఠతా పట్టాలి. కానీ మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు మనం వేరే మాటలు వాడతాం. గింజలు నాలుగు, పిల్లలు నలుగురు. అందుకే వేళ్లను బాపు, అమ్మ, తాత అని మనుషుల్ని చేసి ఆడిస్తే ఆ రెండో వరస కూడా ఆటలోనే పట్టుబడుతుంది. పొద్దున ఆ నైట్ డ్యూటీ బాపు కొడుకు "నాలుగు" అనలేదు, "నలుగురు" అన్నాడు.

పన్నెండు దాటింది. అన్నం, పప్పు, గుడ్డు. గర్భిణులు, బాలింతలు కూడా వచ్చి కూర్చున్నారు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద వాళ్లకు ఒక పూట పూర్తి భోజనం ఇక్కడే. గోడవారగా ఒక ముసలామె. కోడలితో పాటు వచ్చింది, ఒళ్లో తొమ్మిది నెలల మనవడు. తిన్నంతసేపూ వాడు గోల చేస్తే, ఆమె వాడి అరచెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు చూడబోయేది మీకు తెలిసిందే. మీ చేతి మీద కూడా ఎవరో ఆడి ఉంటారు. దగ్గరికి జరగండి. అవ్వ తన మోచేతిని వాడి అరచేతిలో పెట్టి పప్పుగుత్తిలా గిరగిరా తిప్పింది. పప్పు ఉడికింది, మెదిగింది. ఇక పంపకం: చిటికెనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ మడుస్తూ ఇంటిల్లిపాదికీ తలా ఇంత పెట్టింది. ప్రతి వేలి దగ్గరా ఒక పేరు, ఒక ముద్ద, ఒక మడత. అయిదోది అయ్యాక అరచెయ్యి కడిగినట్టు తుడిచింది. తర్వాత ఆమె రెండు వేళ్లు వాడి మణికట్టు మీద నిలబడ్డాయి. అత్తగారింటికి బయల్దేరాయి. మెల్లగా నడుస్తున్నాయి. మోచేతి మడత దగ్గర ఆగాయి. దారి తప్పాయి. వాడు ఊపిరి బిగబట్టాడు, కళ్లు ఆమె వేళ్ల మీదే. ఇంకా చంక చేరనే లేదు, ముందే భుజాలు ముడుచుకొని కిలకిలమన్నాడు.

ఆ "ముందే" అన్నది చూశారా? తొమ్మిది నెలల బిడ్డకు ఒక వరస తెలుసు. పప్పు తర్వాత పంపకం, పంపకం తర్వాత నడక, నడక తర్వాత గిలిగింత. వరస మారదన్న నమ్మకం ఉంది కాబట్టే నవ్వు ముందుగా వచ్చింది. అంకెల వరస పట్టుబడాలంటే ముందు ఇలాంటి వరసలు ఒంటికి తెలియాలి. అవ్వను అడిగితే ఈ మాటలేవీ చెప్పదు. "పోరడు అన్నం తినాలె గద" అంటుంది.

అన్నాలయ్యాక పెద్దపిల్లలు ఆమెను వదల్లేదు. కాళ్లు బారజాపి వరసగా కూర్చున్నారు: కాళ్లగజ్జి ఆట. ఆ పాటలో గజ్జికి మందుల జాబితా దాగి ఉందని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. ఉంటే ఉండనివ్వండి, ఇక్కడ కూర్చున్న ఎవరికీ గజ్జి లేదు. అవ్వ మాటకో కాలు చొప్పున తాకుతూ పోతుంది, పాట ఏ కాలి మీద ఆగితే ఆ కాలు మడవాలి. పది కాళ్లు తొమ్మిదవుతాయి, తొమ్మిది ఎనిమిది. కాళ్లు తగ్గేకొద్దీ పాట ఎవరి మీద ఆగుతుందో పిల్లలు ముందే అంచనా కడుతున్నారు, ఒకడు దొంగతనంగా కాలు అటు జరుపుతున్నాడు. ఎక్కడ కూర్చుంటే గెలుస్తానో లెక్కవేశాడంటే వాడు తీసివేత దాటి చాలా దూరం వెళ్లినట్టే. మోసం చేశాడని అవ్వ వాడి తొడ మీద ఒక్కటిచ్చింది. రెండూ న్యాయమే.

ఇలాంటి పాటలకు పుస్తకాల్లోనూ చోటు దొరికింది. వరంగల్ జిల్లా నుంచి వచ్చిన బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసింది 1950ల్లో. అంతకుముందే 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు (మన రేడియో అన్నయ్య, అక్కయ్య) 'బాల' పత్రిక పెట్టి పిల్లల నోటికి పాటలు అందించారు. జర్మనీలో ఫ్రోబెల్ తల్లుల కోసం వేళ్ల ఆటల పుస్తకం అచ్చు వేసింది 1844లో. కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టినవాడూ ఆయనే. 1987లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మూడేళ్ల పిల్లలకు ఎన్ని పాటలు వచ్చో చూసి, ఎక్కువ పాటలు వచ్చిన పిల్లలు మాటల్లోని చప్పుళ్లను బాగా పట్టుకుంటున్నారని, అది తర్వాత చదువుకు అక్కరకొస్తోందని తేల్చారు. అవ్వకు ఇవేవీ తెలియనక్కర్లేదు. పిల్లలకు పాట బదులు ఏబీసీడీ చాలనుకునే తండ్రులకు తెలిస్తే మంచిది.

బతుకమ్మ రోజుల్లో వస్తే ఇదే సందులో ఇంకో లెక్క వినేవారు. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే, ఒక్కో పువ్వు, ఒక్కో జాము పెంచుకుంటూ పోయే పాట ఒకటుంది. చప్పట్టుకో అడుగు, అడుగుకో మాట. చంకనున్న పిల్లకు ఆ దరువు ఒంట్లోకి పోతుంది. తొమ్మిది రోజుల పండుగ కాబట్టి, ఇవాళ ఎన్నో బతుకమ్మ అని లెక్కపెట్టని ఆడపిల్ల ఉండదు.

మధ్యాహ్నం ఇటుక బట్టీల వైపు పోదాం. ఒడిశాలో నువాఖాయి పండుగ అయ్యాక బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు బయల్దేరి, ఎండాకాలం చివరిదాకా ఇక్కడ ఇటుకలు కోస్తాయి. అక్కడ కూలీల లెక్కకు 'పథురియా' అని ఒక మాట ఉంది. ఒక మొగుడు, ఒక పెళ్లాం, ఒక పిల్ల: ముగ్గురూ కలిస్తే ఒక పథురియా. అడ్వాన్సు ఆ లెక్కన ఇస్తారు, కూలి వెయ్యి ఇటుకలకింత అని కడతారు. పిల్లను లెక్కలో కలిపేశారన్నమాట. ఆరేళ్ల పిల్ల పచ్చి ఇటుకను ఎండకు తిప్పుతూ నడుస్తోంది, పెదాలు కదులుతున్నాయి. దగ్గరికెళ్తే వినిపిస్తుంది: పాంచ దాకా అని, మళ్లీ ఏక నుంచి మొదలు. అయిదేసి ఇటుకల లెక్క. ఇటుకకో మాట, ఎక్కడా తప్పడం లేదు. ఈ పిల్లకు లెక్క రాదని ఎవరనగలరు? రావాల్సింది బడి. బట్టీల దగ్గర ఒడియా వాలంటీర్లతో, ఒడిశా పుస్తకాలతో పని చోట బడులు నడిచిన అనుభవం తెలంగాణకు ఉంది. అది సాధ్యమని తేలిపోయిన పని.

సాయంత్రం మళ్లీ సందులోకి. తాళాలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. ఒక రూములో ఫస్ట్ షిఫ్టు దిగిన తండ్రి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. రెండేళ్ల కూతురు పక్కన, దాని ఒళ్లో ఫోను. ఫోనులో కార్టూన్ వేళ్లు గెంతుతూ ఇంగ్లిష్‌లో పాట పాడుతున్నాయి. పిల్ల కళ్లార్పకుండా చూస్తోంది, చేతులు మాత్రం కదలడం లేదు. ఫోనును తిట్టడం తేలిక. ఎనిమిది గంటలు నిలబడి, ఆపైన ఓటీ చేసి వచ్చినవాడికి ఆ పావుగంట ఊపిరి. తప్పు అతనిది కాదు. కాకపోతే ఫోనుకు రానిది ఒకటుంది: పిల్ల వేలు మడిచేదాకా ఆగడం.

అక్క సెంటర్ నుంచి తమ్ముణ్ని తోలుకొచ్చింది. పొద్దున కిటికీ పక్కన కూర్చున్నవాడే. ఈ రూము వాడి చిన్నాయనది. వాడు వచ్చీ రాగానే చిన్నాయన చెయ్యి లాక్కొని బొటనవేలు పట్టుకున్నాడు. "ఇది బాపు. ఇప్పుడు డ్యూటీకి పోతడు. నువ్వు మడువు." పెద్దమనిషి తెల్లమొహం వేశాడు, తర్వాత మడిచాడు. ఫోను చూస్తున్న పిల్ల తలెత్తింది. ఆ గరుకు వేలు మడవడం చూసి, తన వేలొకటి వంచబోయింది. అయిదూ కలిసే వంగాయి. మళ్లీ తెరిచింది.

ఇదంతా చదివినవాళ్లకు ఒక మనవి. అయిదు నిమిషాలు చాలు. కొత్త పాట అక్కర్లేదు, మీ అవ్వ మీ చేతి మీద ఆడినదే ఆడండి. మరిచిపోతే మీ ఇంట్లో మనుషుల పేర్లు వేళ్లకు పెట్టి కట్టేయండి. నెమ్మదిగా, పిల్ల వేలు మడిచేదాకా ఆగి. అయిదు వచ్చేదాకా పది జోలికి పోవద్దు. తర్వాత మీ చెయ్యి పిల్లకిచ్చి, మీ వేళ్లు దాన్ని మడవనివ్వండి. ఇక కంపెనీలవాళ్లకు: ముప్ఫైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. యాభై మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థకు క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ వచ్చింది. ఆ గదిలో టీవీ పెట్టకండి, ఒళ్లో కూర్చోబెట్టుకొని వేళ్లు మడిపించే మనిషిని పెట్టండి. మీ దగ్గరి అంగన్వాడీకి వెళ్లండి, తల్లిదండ్రుల్ని పిలిచే ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, చదువు) రోజు ఎప్పుడో కనుక్కొని ఆ రోజు చాప మీద కూర్చోండి. మీ భాష ఏదైనా సరే, మీ ఊరి వేళ్ల పాట ఒకటి అక్కడి పిల్లలకు నేర్పి రండి.